చెడిన పటములను పారవేయవలదు

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన మొదటి దినమున అందరును ఒకరినొకరు అడుగు ప్రశ్న ఒక్కటే: "సెలవులలో ఏమి చేసితిరి?" కొందరు క్రొత్త ఊళ్లు చూచి వత్తురు. కొందరు ఈత నేర్చి వత్తురు. కొందరు మేనమామల యిండ్లలో తిన్న మామిడిపండ్ల రుచిని తలచుకొనుచు వత్తురు. ఈ యేడు ఆ ప్రశ్న నన్నడిగిన వారికి నేను చూపగలిగినది ఒక పాత అట్టపెట్టె మాత్రమే. అందులో 48 కాగితములున్నవి. అవి యన్నియు నేను సుబేదారిలోని మా యింటను, ఆ చుట్టుపట్లను, సెలవులలో తీసిన ఛాయాచిత్రములు. వానిలో 11 కాటుకవలె నల్లబడినవి. 9 ఏమియు లేక తెల్లగా మిగిలినవి. 8 పటములలో వెలుతురు దొంగవలె జొరబడి మరకలు చేసినది. 13 మసకబారినవి. నలుగురికి చూపదగినవి 7 మాత్రమే.

"ఏడు పటములకై సెలవులన్నియు పాడుచేసికొంటివా?" అని మా యింటివారు నన్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. వినోదమునకై చేపట్టిన పనియైనను, దానికి కాలము, ధనము, ఇంటిల్లిపాది ఓర్పు వ్యయమగుచుండగా, ఫలమేమని యడుగుట పెద్దల ధర్మము. ఆ ప్రశ్నకు నా యుత్తరమే ఈ వ్యాసము. బాగుగా వచ్చిన 7 పటములు నాకు సంతోషము నిచ్చినవి. చెడిన 41 పటములు నాకు విద్య నేర్పినవి. కావున పటములు తీయు బాలబాలికలు, కెమేరాతో తీసినను చేతి ఫోనుతో తీసినను సరే, చెడిన పటమును చూచిన తక్షణమే తుడిచివేయు అలవాటును మానుకొనవలెనని నా యభిప్రాయము. ఏల యట్లు తలచుచున్నానో జరిగినది జరిగినట్లు చెప్పెదను.

సుబేదారి హనుమకొండలోని యొక పేట. నిజాము పాలనలో ఓరుగల్లు సుబాకు అధికారియైన సుబేదారు నివసించిన తావగుటచే దానికా పేరు వచ్చినది. అక్కడినుండి వేయిస్తంభముల గుడి గాని, భద్రకాళి చెరువు గాని దూరము కాదు. ఇట్టి చోట కాపురముండి, ఫోను జేబులో నుంచుకొని, పటములు తీయకుండువా డెవడు? నేనును కొన్నియేండ్లుగా వేలకొలది తీసితిని. అయితే గడచిన యుగాదినాడు వాని నన్నిటిని వెనుకకు త్రిప్పి చూచుచుండగా నాకు విచారము కలిగెను. చెరువుపై ప్రొద్దుక్రుంకుటను నలువది మారులు తీసియుంటిని. ఆ నలువదియు ఒక్క తీరుగనే యున్నవి. ఏది యెందుచేత బాగున్నదో నాకే తెలియలేదు. బాగులేని వానిని చూచియైనను తెలిసికొందమన్న, వానిని నాడే తుడిచివేసియుంటిని. నేర్చుకొనుటకు నా యొద్ద మిగిలినది ఏమియు లేకపోయెను.

అందుచే ఈ సెలవులలో ఫోనును ప్రక్కన బెట్టి, ఓనమాలనుండి నేర్చుకొందమని సూదిబెజ్జపు కెమేరా నొకదానిని చేసితిని. దీనికి కటకము లేదు, మీట లేదు, చూచుటకు తెర లేదు. పాలపిండి డబ్బా నొకదానిని తీసికొని లోపలివైపున నల్లరంగు పూసితిని. ప్రక్కన చిన్న కిటికీవలె కోసి, దానికి పలుచని రేకు నంటించి, ఆ రేకునకు సూదిమొనతో బెజ్జము చేసితిని. బెజ్జము వెడల్పు 0.4 మిల్లీమీటరులు, డబ్బా వెడల్పు 10 సెంటీమీటరులు. అనగా బెజ్జమునకును కాగితమునకును నడుమ దూరము బెజ్జపు వెడల్పునకు 250 రెట్లు. చీకటిలో ఛాయాచిత్రపు కాగితమును బెజ్జమున కెదురుగా లోపల నమర్చి, మూత వేసి, బెజ్జముపై నల్లని పట్టీ నంటింపవలెను. పటము తీయుటయన్న ఆ పట్టీని తీసి, లెక్కపెట్టి, మరల మూయుటయే. వెలుతురు తిన్నని గీతవలె పోవునని భౌతికశాస్త్రములో మీరు చదివిన పాఠమే ఇక్కడ పనిచేయును. చెట్టుకొననుండి వచ్చు కిరణము కాగితపు అడుగునను, చెట్టు మొదలునుండి వచ్చు కిరణము పైభాగమునను పడుటచే, బొమ్మ తలక్రిందుగా నేర్పడును. వెలుతురు సోకినచోట కాగితము నల్లబడును గనుక అది నెగటివు. దానిని మరల తెలుపు నలుపులు తారుమారు చేసికొనవలెను.

మొదటి దినమున తీసిన మూడు కాగితములును నల్లబడెను. బెజ్జము పెద్దదైనదేమోయని మరియొకటి చేసితిని, మరల నలుపే. రేకును నిందించితిని, కాగితమును నిందించితిని, ఎండను నిందించితిని. మంచి కెమేరా లేనివానికి మంచి పటములెట్లు వచ్చునని నన్ను నేనే ఓదార్చుకొంటిని. నాలుగవ దినమున మా యన్నగారి చిన్నకుమార్తె, ఎనిమిదేండ్ల పిల్ల, ఖాళీ డబ్బాను ముఖమున కానించుకొని ఎండవైపు తిరిగి, "చిన్నాయినా! లోపల సుక్కలు కనవడుతున్నయి" అని కేకవేసెను. చూచితిని గదా, అడుగు అతుకు వెంబడి తుప్పు తినిన మూడు సన్నని రంధ్రములు! నా కెమేరాకు ఒక బెజ్జము గాక నాలుగు బెజ్జము లుండెను. నల్లని పట్టీ నంటించిన పిమ్మట ఆ చిక్కు విడిపోయెను. ఆ నల్లని కాగితములను నేను మొదటి దినముననే శ్రద్ధగా పరీక్షించియుండినచో, ఒక అంచున నలుపు ఎక్కువగా నున్నదని, వెలుతురు ఆ దిక్కునుండియే వచ్చుచున్నదని తెలిసియుండెడిది. జవాబు నా చేతిలోనే యున్నను నేను చదువలేదు.

నాటినుండి ఒక నోటుపుస్తకము పెట్టితిని. ప్రతి కాగితపు వెనుక సంఖ్య వేసి, పుస్తకములో దినము, వేళ, ఎండయో నీడయో, ఎన్ని సెకండ్లో వ్రాసితిని. చివర "ఏల చెడినది?" అని యొక గడి యుంచితిని. తొలుత ఆ గడి యంతయు "తెలియదు, తెలియదు" అనియే నిండెను. మెల్లమెల్లగా సంగతులు బయటపడెను. నిండు ఎండలో 40 సెకండ్లు చాలును. చెట్టునీడలో ఐదారు నిమిషములు కావలెను. పొద్దు వాలిన పిదప లెక్కప్రకార మిచ్చిన కాలము చాలదు. వెలుతురు మిక్కిలి మందముగా నున్నపుడు కాగితము సోమరియై, లెక్కకంటె మరికొంత యడుగును. తెల్లగా మిగిలిన 9 కాగితములలో ఆరింటికి ఇదియే కారణము. తక్కిన మూడింటికి కారణము నా తొందరపాటు: రెండింటిని చీకటిలో వెనుకముందుగా నమర్చితిని, ఒకదానికి పట్టీ తీయుటయే మరచితిని.

ఇక చీకటిగది కష్టములు వేరు. మాకు చీకటిగది యనగా స్నానాలగది. కిటికీకి దుప్పటి కట్టి, ఎఱ్ఱని దీపము పెట్టి, మూడు పళ్లెములలో డెవలపరు, పలుచని వెనిగరునీరు, హైపో పోసికొని కూర్చుండగా, తలుపు బయట ఇంటివారు ఒకరి తరువాత నొకరు వచ్చి తట్టుచుండిరి. తలుపు తట్టినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. గది యొక్కటే, అవసరము లనేకములు. దీనికి తోడు డెవలపరు సుమారు 20 డిగ్రీల చల్లదనమున నుండవలెను. మే నెలలో హనుమకొండ యెండ 42 డిగ్రీలు దాటుట మన మెరిగినదే. మిద్దెపై తొట్టినుండి వచ్చు కుళాయినీరు చేయి పెట్టనీయదు. ఆ వేడికి బొమ్మ రెప్పపాటులో పైకి వచ్చి, చూచుచుండగనే మసిబారిపోయెను. మంచుముక్కలను తిన్నగా మందులో వేసితిని. మందు పలుచబడి బొమ్మ పాలిపోయెను. చివరకు మంచును ప్లాస్టికు సంచిలో మూటగట్టి పళ్లెము క్రింద నుంచుట నేర్చితిని. ఈ చిన్న యుపాయమునకు నాలుగు కాగితములు బలియైనవి. అయినను ఆ నాలుగింటిని ప్రక్కప్రక్కన పేర్చి చూచినచో, వేడి ఏమి చేయునో, పలుచదనమేమి చేయునో ఏ పుస్తకమును చెప్పలేనంత స్పష్టముగా కన్పట్టును.

డబ్బా కుదుటబడిన పిమ్మట వేయిస్తంభముల గుడికి పోయితిని. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమది. కావలివారికి డబ్బా తెరచి చూపి, సంగతి చెప్పి, వారి యనుమతితో నందికి ఎదురుగా నేలపై నుంచితిని. ఆ నల్లరాతి నందిని చూడని ఓరుగల్లువా రుండరు. మెడలోని గంటలు, గొలుసులు రాతిలో చెక్కినట్లు గాక నిజముగా వ్రేలాడుచున్నట్లుండును. నా కాగితముపై మాత్రము గొలుసు లేదు, గంట లేదు. తెల్లని ఆకాశము క్రింద నల్లని గుట్టయొకటి పడెను. భక్తులు వేసిన ఎఱ్ఱని పూలదండ బొగ్గువలె పడెను. మూడు దినములు విసిగి, నాల్గవ దినమున విచారింపగా తెలిసిన దేమనగా, ఈ కాగితము కంటికి కనబడు రంగులన్నిటిని చూడదు; నీలమును మాత్రమే బాగుగా చూచును. ఆకాశపు నీలము దానికి మిరుమిట్లు గొలుపును, ఎఱుపు దానికి చీకటి. నేను చూచినది వేరు, కాగితము చూచినది వేరు. అది తెలిసిన తరువాత ఆకాశము పడకుండ డబ్బాను వంచి, ప్రొద్దుటి యేటవాలు వెలుతురు నందిప్రక్కను తాకువేళకు పోయితిని. ఐదవ కాగితముపై మెడలోని గంటలు కనబడెను. నా యేడు మంచి పటములలో అది యొకటి.

అక్కడనే మరియొకటి నేర్చితిని. ఆ గుడి యెదుటి కల్యాణమండపము శిథిలమగుచుండుటచే దానిని విప్పి, చాలయేండ్లకు మరల నిలిపి, 2024లో తెరచిరి. విప్పిన రాళ్లకు సంఖ్యలు వేసి యుంచుటచేతనే గదా ఏ రాయి యెక్కడిదో తెలిసినది! సంఖ్య లేని రాయి కేవలము రాయి. కారణము వ్రాయని చెడుపటమును అంతియే.

భద్రకాళి చెరువుకట్టపై జరిగినది మరింత వింత. ప్రొద్దున నడకకు వచ్చువారితో కట్ట కిటకిటలాడుచుండగా డబ్బాను ఒక రాతిపై నుంచి పట్టీ తీసితిని. "సారూ, గీ డబ్బల ఏమున్నది?" అని ఒకరు, "పాలు అమ్ముతరా?" అని మరియొకరు అడుగుచుండిరి. వారికి జవాబులు చెప్పుచునే సెకండ్లు లెక్కపెట్టితిని. ఇంటికి వచ్చి కడిగి చూడగా కట్టపై ఒక్క ప్రాణి లేదు! బెంచీపై కదలక కూర్చుండిన ముసలితాత యొక్కడు తప్ప, నడచిన వారందరు మాయమైరి. పటము చెడినదని తలచి, "జనము పడలేదు" అని వ్రాసితిని. కాని తరువాత జ్ఞాపకము వచ్చినది. 1838లో ఫ్రాన్సు దేశపు దగ్వేర్ పారిసులోని రద్దీ వీథి నొకదానిని తన మేడకిటికీనుండి పటము తీయగా, బండ్లును బాటసారులును కదలుచుండుటచే ఎవరును పడలేదు. వీథిమూల బూట్లకు పాలిషు వేయించుకొనుచు నిలిచియున్న మనిషి యొక్కడు మాత్రము నిలిచిపోయెను. ఛాయాచిత్రములో కానవచ్చిన మొదటి మనుష్యులలో నాతడొకడని చరిత్రకారు లందురు. నిలుకడగా నున్నదియే కాగితమునకు కనబడును. కట్టపై మా తాతను ఇప్పుడు చూచినచో, అది నా చెడిన పటములలో నాకు మిక్కిలి ఇష్టమైనది.

ఛాయాచిత్రకళ పుట్టుకయే ఒక నిరాశనుండి కలిగినది. ఇంగ్లండు దేశపు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను పండితుడు 1833లో ఇటలీలోని కోమో సరస్సు నొద్ద, చిత్రలేఖనమునకు సాయపడు నొక పరికరముతో ఆ దృశ్యమును గీయబూనెను. ఆయన బొమ్మలు బాగుగా రాలేదు. చేయి గీయలేని దానిని వెలుతురే తనంతట గీసికొని కాగితముపై నిలిచిపోయిన నెంత బాగుండునని నాడు కలిగిన ఊహనుండియే, ఒక నెగటివునుండి ఎన్ని ప్రతులైనను తీయగల పద్ధతిని 1841 నాటికి సాధించెను. ఆయన తన చెడిన బొమ్మలను చూచి సిగ్గుపడి ఊరకుండినచో ఏమి యగునో! వెలుతురు వేసిన బొమ్మను చెరగకుండ నిలుపు హైపో గుణమును సర్ జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టెను. దాని యుపయోగము ఛాయాచిత్రకారులకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టెను.

మన దేశములో, మన యీ ప్రాంతమునకు సంబంధించిన వారిలో, రాజా దీనదయాళుగారిని తలచుకొనవలెను. ఆయన 1844లో మీరటు సమీపమున సర్ధనలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగియై యుండి, 1870ల దశకమున వినోదమునకై ఛాయాచిత్రములు తీయుట నేర్చుకొనెను. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొంది, 1905లో కీర్తిశేషుడయ్యెను. నిజాము రాజ్యమందలి కట్టడములను ఆయన తీసిన పటములలో మన హనుమకొండ, ఓరుగల్లు శిథిలములును కలవు. ఆయన వాడినవి గాజుపలకలు, బరువైనవి, పగులునవి. ఒక్కొక్క పలక వెనుక ఎంత యాలోచన యుండవలెనో ఊహింపుడు. వినోదమునకు పటములు తీయు ప్రతి బాలుడును దీనదయాళు కానక్కరలేదు. ఉద్యోగము చేయుచు, చదువుకొనుచు, తీరికవేళ నేర్చిన విద్య తక్కువది కాదని మాత్రమే నా మనవి.

మే నెలాఖరున కాగితములు తరిగిపోగా, మా వీథి పిల్లలతో కలిసి నీలిపటముల ప్రయోగము చేసితిని. ఇదియు హెర్షెల్ గారు 1842లో కనిపెట్టినదే. రెండు ఇనుపలవణముల ద్రావణమును చేతితొడుగులతో మామూలు కాగితమునకు పూసి, నీడలో ఆరనిచ్చి, దానిపై ఆకునో పువ్వునో పెట్టి, గాజు మూసి ఎండలో నుంచి, నీట కడిగినచో చాలును. ఎండ సోకినచోట నీలమై, ఆకు ఉన్నచోట తెల్లగా మిగులును. దీనికి చీకటిగది యక్కరలేదు. మన ఎండయే మన ధనము. 1843లో అన్నా అట్కిన్సు అను విదుషీమణి సముద్రపు నాచుమొక్కలను ఈ పద్ధతినే ముద్రించి పుస్తకముగా వెలువరింప నారంభించెను. మా మోదుగాకు ఈనెలతో సహా చక్కగా వచ్చెను. కరివేపాకు రెబ్బ మాత్రము గాజు సరిగా నొత్తకపోవుటచే గాలికి కదలి జంటనీడలుగా పడెను. ఒక పిల్లవాడు దానిని చింపబోగా, మా చిన్నది వాని చేయిపట్టుకొని, "ఏందుకు చెడిందో రాయాలె, చింపద్దు" అనెను. నా యుపదేశము ఒక్కరికైనను అంటినందులకు సంతోషించితిని.

ఇక, అన్నిటికంటె నన్ను నిలువరించిన చెడుపటమును గూర్చి చెప్పి ముగించెదను. మా తల్లిగారికి డెబ్బదియైదేండ్లు దాటినవి. ఆమె నా తంతు చూచి చూచి యొకనాడు, "బిడ్డా, గుళ్లయి, చెట్లయి ఫోటోలు దీస్తవు గని, నాది ఒక్కటి మంచిగ దియ్యరాదు? నేను పోయినంక గోడకు వెట్టుకునెటందుకు ఉంటది" అనెను. ఆ మాటకు నా కడుపు తరుగుకొనిపోయినను, అభ్యాసకుని గర్వము ఊరకుండనీయదు గదా! ఫోనుతో తీయక, నా డబ్బాతోనే తీయుదునని పట్టుపట్టితిని. వాకిట అరుగుపై నీడలో ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, "ఆరు నిమిషములు కదలకుము అమ్మా" అని చెప్పి పట్టీ తీసి, గడియారము చేతబట్టి లెక్కపెట్టితిని.

కడిగి చూడగా అరుగు స్పష్టముగా నున్నది. కుర్చీకోళ్లు, గోడపై పగులు, ఒడిలో పెట్టుకొన్న రెండు చేతులు, గాజులతో సహా, చక్కగా నున్నవి. ముఖమున్నచోట పొగవంటి మసక తప్ప ఏమియు లేదు. ఆమెకు చూపితిని. "గిది నేనా, దయ్యమా? మొఖమే లేదు గదరా!" అని నవ్వి, ఆ నవ్వులోనే కొంచెము చిన్నబుచ్చుకొనెను. ఆ కాగితమును చింపివేయవలెననియే నాకు తోచెను. అలవాటు చొప్పున పుస్తకము తెరచి, "ఏల చెడినది?" అను గడిలో "కదలిక" అని వ్రాయబోయి ఆగితిని. ఆమె చేతులు కదలలేదు, కుర్చీ కదలలేదు. ముఖమేల కదలెను? అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఆ యారు నిమిషములును ఆమె నాతో మాటలాడుచునే యుండెను. పెండ్లియై మొదటిసారి బండిలో హనుమకొండకు వచ్చిన దినమును గూర్చి యేదియో చెప్పినది. ఏమి చెప్పినదో నాకు తెలియదు. నేను సెకండ్లు లెక్కపెట్టుచుంటిని.

ఆ గడిలో అదియే వ్రాసితిని: "ఆమె మాటలాడుచుండెను, నేను వినక లెక్కపెట్టుచుంటిని." ఆ సాయంత్రము అరుగుమీద కూర్చుండి, ఆ కథ మరల చెప్పుమని యడిగితిని. డబ్బా లేదు, గడియారము లేదు. చెప్పినంతసేపు వింటిని. మరునాడు ఆమె కోరినట్లే, తలదువ్వుకొని, ఇష్టమైన చీర కట్టుకొని ఎదురుగా కూర్చుండగా, ఫోనుతో నిండుముఖపు పటము తీసి అచ్చు వేయించి ఇచ్చితిని. అది ఆమెకు నచ్చినది. గోడకు తగిలించుటకు ఇప్పుడేమి తొందరయని చెప్పి, దానిని ఆమె పెట్టెలోనే దాచుకొనమంటిని. ముఖములేని కాగితము మాత్రము నా యొద్దనే, 37వ సంఖ్యతో, అట్టపెట్టెలో నున్నది. దానిని ఆ దినమే చింపివేసియుండినచో, నా తప్పు కాగితమునదని, ఎండదని, లేక ఆమెదని నేను జీవితాంతము తలచియుందును.

కొందరు నాతో వాదింతురు: "ఫోనుతో క్షణములో పది తీసి తొమ్మిది తుడుచుట సులభము గదా, చెడిన దానిని దాచుట ఎందులకు?" ఫోను నాకు శత్రువు కాదు. మా తల్లిగారి మంచిపటము దానిచేతనే వచ్చినది. నా నెగటివులను తారుమారు చేసి చూచుటయు దానితోనే. అయితే తప్పును తక్షణమే మాయము చేయు సాధనము మనకు ఆ తప్పును చూచు వ్యవధి నీయదు. లెక్కలలో తప్పు చేసిన పుటను చింపివేయు బాలునికి ఉపాధ్యాయుడు ఎట్లు సహాయము చేయగలడు? చెడిన పటమును ఒక్క దిన ముంచుడు, కారణమును ఒక్క పంక్తి వ్రాయుడు, పిమ్మట తుడువదలచిన తుడువుడు. ఒక్క సంగతి మాత్రము మరువకుడు: ఎవరి పటము తీసితిరో వారు వద్దన్నచో, అది యెంత బాగున్నను, ఎంత విద్య నేర్పునదైనను, తక్షణము తుడిచివేయవలెను. మన విద్యకంటె వారి మానము పెద్దది.

మరికొందరు తండ్రులు, ఈ వినోదము మొదలిడిన పిల్లవాడు రేపు లక్ష రూపాయల కెమేరా యడుగునని భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. నేనును ఆ యాశకు లోబడినవాడనే. ఐనను 1900లో ఈస్ట్‌మన్ కంపెనీవారు బ్రౌనీ యను కెమేరాను ఒక డాలరుకే యమ్మిరి. అది అట్టతో చేసిన పెట్టె, బాలబాలికల నుద్దేశించినది. పాలడబ్బాతో నందిమెడలోని గంటలు పడినవని నేను చూపగలను. ఉన్న సాధనముతో 41 మారులు చెడగొట్టి, ప్రతి చెడుపునకు కారణము చెప్పగల పిల్లవాడు క్రొత్త సాధన మడిగినపుడు ఆలోచింపుడు, అంతవరకు ఆలోచింపనక్కరలేదు.

మన పాఠశాలలో ఏటేట జరుగు ప్రదర్శనములో మంచి పటములకు ఒక గోడ యుండును. దాని ప్రక్కన చెడిన పటములకును ఒక పలక యుంచవలెనని నా విన్నపము. ఒక్కొక్కదాని క్రింద విద్యార్థి తన చేతివ్రాతతో "ఇది యిందుచే చెడినది" అని రెండు పంక్తులు వ్రాయవలెను. తలిదండ్రులు ఇంటికడ "ఎన్ని బాగుగా వచ్చినవి?" అని గాక, "ఏది చెడినది, ఏల చెడినది?" అని అడుగవలెను. అట్లడిగిన యింట పిల్లలు తప్పును దాచుకొనరు.

దసరా సెలవులు వచ్చుచున్నవి. వానలకు కడిగిన ఆకాశము క్రింద నందిని మరల తీయదలచితిని. డబ్బా అతుకునకు క్రొత్త పట్టీ వేసితిని. 49వ కాగితము సిద్ధముగా నున్నది; అది చెడినను పెట్టెలో చోటున్నది.